వాన్ న్యూమన్ ‘తొలి ముసాయిదా’: ఒక విమర్శ

కంప్యూటరును గూర్చిన పాఠములలో రెండు వాక్యములు తరచుగా కనుపించును. మొదటిది: ప్రాసెసరు కంప్యూటరునకు మెదడు వంటిది. రెండవది: అది ఆదేశములను తెచ్చును, విప్పును, నెరవేర్చును. విద్యార్థి ఈ రెంటిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయును, మార్కులు వచ్చును. కాని అదే విద్యార్థిని పిలిచి, “ఏడును ఐదును కూడుమన్నచో ఆ యంత్రములో మొదట ఏమి జరుగును? తరువాత ఏమి జరుగును?” అని అడిగినచో నీళ్లు నమలును. ఇందులో తప్పు విద్యార్థిది కాదు. మొదటి వాక్యము తెలియని వస్తువును అంతకంటెను తెలియని వస్తువుతో పోల్చినది. రెండవ వాక్యము మూడు క్రియలను చెప్పి ఊరకున్నది. తెచ్చుట ఎక్కడనుండి? విప్పుట యనగా నేమి? ఒక ఆదేశము ముగిసిన తరువాత వేరొకదానిని తేవలెనని, అదియు ఫలానిదానినే తేవలెనని, యంత్రమునకు ఎట్లు తెలియును?

ఈ రెండు వాక్యములకును చాలవరకు మూలమైన రచన ఒకటి కలదు. అది 1945 జూన్ 30వ తేదీతో వెలువడిన ‘ఎడ్వాక్ పై నివేదిక – తొలి ముసాయిదా’. దానిపై నున్న పేరు జాన్ వాన్ న్యూమన్. నూటొక్క పుటల ఈ టైపు ప్రతి కంప్యూటరుల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అయినను దానిని పొగడినవారితో పోల్చిన చదివినవారు కొద్దిమందియే. గొప్ప రచన యనగానే నమస్కరించి ప్రక్కన పెట్టుట మన అలవాటు. అట్లుకాక దానిలో నిలిచిన దేది, నిలువని దేది, మన పాఠములలోనికి సరిగా వచ్చిన దేది, వంకరగా వచ్చిన దేది అని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

నివేదిక పుట్టిన విధము

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన మూర్ ఇంజనీరింగు పాఠశాలలో, ఫిరంగి గుండ్ల గమనమును లెక్కకట్టుటకై ‘ఎనియాక్’ అను ఎలక్ట్రానిక్ యంత్రమును నిర్మించుచుండిరి. దాని ప్రధాన నిర్మాతలు ప్రెస్పర్ ఎకర్ట్, జాన్ మాక్లీ. సుమారు 18,000 వాక్యూమ్ గొట్టములు గల ఆ యంత్రము వేగములో అసమానమైనది. కాని ఒక లెక్కనుండి వేరొక లెక్కకు మార్చవలెనన్నచో తీగలను ఊడదీసి తిరిగి అమర్చవలెను, మీటలను త్రిప్పవలెను. లెక్క క్షణములలో తేలును. దానికై యంత్రమును సిద్ధపరచుటకు దినములు పట్టును. ఈ లోపము నిర్మాతలకు ముందే తెలిసినది. ఆదేశములను గూడ అంకెలవలె యంత్రములోపలనే నిలువజేయు తరువాతి యంత్రమును గూర్చి వారు ఆలోచింపసాగిరి. దానికే ఎడ్వాక్ అని పేరు.

1944 వేసవిలో అబర్డీన్ రైలు స్టేషను వేదికపై హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను సైనికాధికారి వాన్ న్యూమన్‌ను కలిసికొని ఈ పనిని గూర్చి చెప్పెను. ఆ పిమ్మట ఆ మహాగణితవేత్త మూర్ పాఠశాల చర్చలలో పాల్గొనెను. ఆ చర్చల సారమును తన పద్ధతిలో కూర్చి చేతితో వ్రాసి పంపెను. గోల్డ్‌స్టైన్ దానిని టైపు చేయించి, వాన్ న్యూమన్ పేరు మాత్రమే వేసి, పలువురకు పంచెను. రచన అసంపూర్ణము. ఎత్తిచూపవలసిన ప్రకరణముల సంఖ్యలకై విడిచిన ఖాళీలు అట్లే యున్నవి. ముసాయిదా యన్న పేరు దానికి తగినదే.

నివేదిక గుణములు

ఈ రచన మొదటి గుణము విభజన. యంత్రమును అది ఐదు భాగములుగా చూపినది: లెక్కలు చేయు భాగము, పనులను వరుసలో నడుపు నియంత్రణ భాగము, స్మృతి అనగా మెమరీ, లోనికి తీసికొను భాగము, వెలికి పంపు భాగము. వీనికి వెలుపల కార్డులు, టేపులు మొదలగు వ్రాత సాధనములు. నేటికిని మన పుస్తకములలోని బొమ్మ ఇదియే.

రెండవ గుణము ఇంకను గొప్పది. యంత్రము ఏమి చేయవలెను అనుదానిని, ఏ సామగ్రితో చేయవలెను అనుదానినుండి ఈ నివేదిక విడదీసినది. వాక్యూమ్ గొట్టముల వోల్టేజీలను, సర్క్యూటుల చిక్కులను ప్రక్కకు నెట్టి, ‘అవును’, ‘కాదు’ అను రెండు స్థితులు మాత్రమే గల ఊహామాత్రపు మూలకములతో యంత్రమును కట్టి చూపినది. గొట్టములు పోయి ట్రాన్సిస్టరులు వచ్చినవి; అవి వేలసంఖ్యలోను, కోట్లసంఖ్యలోను ఒకే సిలికాను ముక్కపైకి చేరినవి. సామగ్రి ఇంత మారినను నివేదికలోని తర్కము చెడలేదు. కారణము ఈ విభజనయే.

దీని స్పష్టతకు సాక్ష్యము కలదు. 1946 మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన మారిస్ విల్క్స్‌కు దీని ప్రతి ఒక రాత్రికి మాత్రము ఎరువుగా దొరికినది. ఆయన ఆ రాత్రి మేల్కొని చదివి, కంప్యూటరు నిర్మాణమునకు మార్గము ఇదియే యని నిశ్చయించుకొనెను. ఆయన నాయకత్వమున నిర్మితమైన ‘ఎడ్సాక్’ 1949 మే 6న పనిచేసినది. అలన్ ట్యూరింగ్ తన స్వంత యంత్రమును గూర్చి వ్రాసిన నివేదికలో, వాన్ న్యూమన్ నివేదికతో కలిపి చదువుకొనుడని పాఠకులకు సూచించెను. ఒక్క రాత్రి చదువుతో ఒక యంత్రమునకు త్రోవ చూపగల రచనలు శాస్త్రములో అరుదు.

విద్యార్థి పరీక్ష

కాని శాస్త్రరచనకు వేరొక పరీక్ష గూడ కలదు. దానిని చదివిన విద్యార్థి ఒక ఆదేశమును ఆరంభమునుండి అంతమువరకు తన వ్రేలితో వెంబడింపగలడా? ఈ పరీక్షలో తొలి ముసాయిదా సులభముగా నెగ్గదు. ఆదేశములు పాదరసపు గొట్టములలో ధ్వని తరంగములుగా తిరుగుచుండుటవలన, ఆదేశము ఎక్కడ నున్నది అను ప్రశ్నతో ఎప్పుడు వెలువడును అను ప్రశ్న కలిసిపోవును. ఆదేశముల పట్టిక చివరి పుటలలో గ్రీకు అక్షరముల నడుమ ఇమిడియున్నది. విల్క్స్ వంటి వానికి ఇది చాలును. పదవ తరగతి పిల్లవానికి చాలదు.

అందుచేత ఇదే భావమును మొట్టమొదట ఆచరణలో చూపిన చిన్న యంత్రమును ప్రక్కన పెట్టుకొని చూతము. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఫ్రెడెరిక్ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్, జెఫ్ టూటిల్ నిర్మించిన ఈ యంత్రము 1948 జూన్ 21న తన తొలి కార్యక్రమమును నడిపినది. లోపల నిలువజేసిన కార్యక్రమముతో నడచిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు ఇదియే. ముద్దుపేరు ‘బేబీ’. దాని మెమరీ 32 వరుసలు. ఒక్కొక్క వరుసలో 32 బిట్లు. అవి టెలివిజను తెరవంటి గొట్టముపై చుక్కలుగా, గీతలుగా వెలుగుచుండెడివి.

ఆ యంత్రమునకు మెమరీగాక మూడు చిన్న నిలువ స్థానములు కలవు. మొదటిది అక్యుమ్యులేటరు: లెక్క ఫలితము దానిలో నుండును. రెండవది ఆదేశ సూచిక: ఎన్నవ వరుసలోని ఆదేశము జరుగుచున్నదో ఆ సంఖ్య దానిలో నుండును. మూడవది ప్రస్తుతాదేశ స్థానము: మెమరీనుండి తెచ్చిన ఆదేశము యొక్క నకలు దానిలో నుండును. బేబీ ఎరిగిన పనులు ఏడు మాత్రమే. అందులో కూడిక లేదు. తీసివేత మాత్రమే కలదు. ఇక ఏడును ఐదును ఎట్లు కూడుట? 20వ వరుసలో 7ను, 21వ వరుసలో 5ను ఉంచి, ఈ ఆరు ఆదేశములను వ్రాయవలెను.

1వ వరుస: 20వ వరుసలోని సంఖ్యను గుర్తు మార్చి అక్యుమ్యులేటరులోనికి తెమ్ము.
2వ వరుస: అక్యుమ్యులేటరునుండి 21వ వరుసలోని సంఖ్యను తీసివేయుము.
3వ వరుస: అక్యుమ్యులేటరులోని దానిని 22వ వరుసలో వ్రాయుము.
4వ వరుస: 22వ వరుసలోని సంఖ్యను గుర్తు మార్చి తెమ్ము.
5వ వరుస: దానిని 23వ వరుసలో వ్రాయుము.
6వ వరుస: ఆగుము.

ఇపుడు యంత్రమును నడుపుదము. ఆరంభమున ఆదేశ సూచికలో సున్న యున్నది. ప్రతి ఆదేశమునకు ముందుగా సూచికలోని సంఖ్యకు ఒకటి చేరును. సున్న ఒకటి అయినది. ఆ సంఖ్య మెమరీలో 1వ వరుసను ఎంచును. ఆ వరుసలోని బిట్లు ప్రస్తుతాదేశ స్థానములోనికి నకలగును. ఇదియే తెచ్చుట.

తెచ్చిన 32 బిట్లలో యంత్రము రెండు భాగములను మాత్రమే చూచును. ఐదు బిట్లు వరుస సంఖ్యను తెలుపును, అనగా చిరునామా. ఐదు బిట్లతో సున్న మొదలు 31 వరకు చెప్పవచ్చును గనుక 32 వరుసలకు అవి చాలును. మరి మూడు బిట్లు పనిని తెలుపును. మూడు బిట్లకు ఎనిమిది కూర్పులు. ఏడు పనులకు అవి చాలి ఒకటి మిగులును. ఆ మిగిలిన దానిని గూడ తీసివేతకే ఇచ్చిరి. మన మొదటి ఆదేశమున పని బిట్లు 010. ఈ మూడు బిట్లు మూడు తీగలపై నడచి, కొన్ని ద్వారములను తెరచును, కొన్నింటిని మూయును. గుర్తు మార్చి తెచ్చు త్రోవ తెరచుకొనినది. తక్కిన త్రోవలు మూసికొనినవి. ఇదియే విప్పుట. ఇందులో అర్థము చేసికొనుట యనునది ఏమియు లేదు. తాళపు చెవి పండ్లు తాళములోని మీటలను లేపినట్లు బిట్లు ద్వారములను లేపినవి, అంతే.

ఇక చిరునామా బిట్లు 20వ వరుసను ఎంచును. అక్కడి 7 తెరచియున్న త్రోవవెంట వచ్చి, గుర్తు మారి, అక్యుమ్యులేటరులో –7గా నిలుచును. ఇదియే నెరవేర్చుట. వెంటనే సూచిక రెండగును. 2వ వరుస వచ్చును. అక్యుమ్యులేటరు –12 అగును. మూడవ ఆదేశము దానిని 22వ వరుసలో వ్రాయును. నాలుగవది దానినే గుర్తు మార్చి తెచ్చును: 12. ఐదవది 23వ వరుసలో ఉంచును. ఆరవది యంత్రమును ఆపును. ఒక్కొక్క ఆదేశమునకు పట్టిన కాలము సుమారు 1.2 మిల్లీసెకండు.

ఈ కొద్దిపాటి పనులతోనే బేబీ పెద్ద లెక్కలకును పూనుకొన్నది. ఒక సంఖ్యను నిశ్శేషముగా భాగించు సంఖ్యలలో ఆ సంఖ్య దప్ప మిగిలినవానిలో పెద్దది ఏదో కనుగొనుట దాని తొలి కార్యక్రమము. 2,62,144 అను సంఖ్యకు ఈ విధముగా వెదకి 1,31,072 అని చెప్పుటకు దానికి 52 నిమిషములు పట్టినది. బుద్ధిమంతుడగు విద్యార్థి ఒక్క క్షణములో సగము చేసి చెప్పగలడు. యంత్రమో, పైనుండి ఒక్కొక్క సంఖ్యనే దించుకొనుచు, మాటిమాటికి తీసివేతలతోనే భాగించి చూచినది. అది మెదడు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. అయినను అలసట, పొరపాటు లేక 52 నిమిషములు అట్లే చేసినది గనుక అది ఉపయోగపడు యంత్రమే.

‘ఆగుము’ అను మాట మరచినచో

ఆరవ ఆదేశమును వ్రాయ మరచితి మనుకొందము. ఆ వరుసలో అన్నియు సున్నలే. ఖాళీ కదా యని యంత్రము ఆగునా? ఆగదు. బేబీకి ఖాళీ యనునది లేదు. పని బిట్లు 000 అనగా, చిరునామాలోని వరుసలో నున్న సంఖ్యను ఆదేశ సూచికలో వేసికొనుమని అర్థము. చిరునామా బిట్లును సున్నలే గనుక 0వ వరుసలోని సంఖ్యను తీసికొనును. అదియు సున్నయే. సూచిక సున్న అయినది. వెంటనే దానికి ఒకటి చేరును. యంత్రము తిరిగి 1వ వరుసకు వచ్చును. ఏడును ఐదును మరల కూడును. మరల, మరల, మనము ఆపువరకు కూడుచునే యుండును.

ఈ చిన్న పొరపాటులో తొలి ముసాయిదా లోని ప్రధాన భావము మొత్తము ఇమిడియున్నది. ఆదేశములను, అంకెలను ఒకే మెమరీలో ఒకే రూపమున ఉంచితిమి. కాబట్టి సూచిక ఎటు చూపిన అది ఆదేశము. ఆదేశములోని చిరునామా ఎటు చూపిన అది అంకె. బిట్లకు తమంతట తమకు జాతి లేదు.

ఇచ్చటనే నివేదికలో మనవారు గమనింపని విశేషమొకటి కలదు. వాన్ న్యూమన్ తన యంత్రములో 32 బిట్ల ప్రతి పదమునకు మొదటి బిట్టును గుర్తుగా కేటాయించెను. అది 0 అయినచో అంకె. 1 అయినచో ఆదేశము. లెక్కలో తేలిన ఫలితమును అంకె యున్నచోట వ్రాసినచో పూర్తిగా వ్రాయబడును. ఆదేశ మున్నచోట వ్రాసినచో దాని చిరునామా భాగము మాత్రమే మారును, పని భాగము చెక్కుచెదరదు. నియంత్రణ భాగమునకు ఆదేశముల వరుసలో అంకె ఎదురైనచో దానిని లెక్కలు చేయు భాగములోనికి తెచ్చుకొనుమని మాత్రమే అర్థము. అనగా అంకె దారితప్పి ఆదేశమై యంత్రమును ఏలుటకు అక్కడ తావు తక్కువ. బేబీలో ఈ గుర్తు లేదు. తరువాత ప్రసిద్ధికెక్కిన కంప్యూటరులలో చాలవానిలోను లేదు.

దీని ఫలితము చిన్నది కాదు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్టులో వ్యాపించి వేలకొలది కంప్యూటరులను స్తంభింపజేసిన ‘మారిస్ పురుగు’ చొరబడిన త్రోవలలో ఒకటి ఇట్టిదే. ఒక కార్యక్రమము లోనికి తీసికొను సమాచారమునకై కొంత చోటు విడిచి, వచ్చినది ఎంత పొడవో కొలువలేదు. పురుగు చోటునకు మించిన సమాచారమును పంపెను. ఆ సమాచారములో ఆదేశములు దాగియున్నవి. పొంగిపొరలిన భాగము ఆదేశ సూచిక తరువాత పోవలసిన చోటును మార్చినది. ప్రాసెసరు అక్కడికి పోయి తెచ్చినది, విప్పినది, నెరవేర్చినది. దాని పనిలో లోపమేమియు లేదు! చాలకాలము పిమ్మట 2003లో ఏ.ఎం.డీ. సంస్థ తన 64 బిట్ల ప్రాసెసరులలో మెమరీ పుటకు ఒక గుర్తు బిట్టును చేర్చినది: ఈ పుటలోనివి అంకెలు, వీనిని ఆదేశములుగా తేరాదు అని దాని భావము. ఇతరులును అనుసరించిరి. వాన్ న్యూమన్ గుర్తు బిట్టును పెట్టినది దొంగలకు భయపడి కాదు, లెక్క సౌకర్యమునకే. అయినను నివేదికను సంపూర్ణముగా చదివినవారికి అంకె, ఆదేశముల భేదమును యంత్రము గూడ ఎరిగియుండుట మంచిదను ఆలోచన 1945లోనే అందుబాటులో నుండెను.

నివేదిక లోపములు

ఇక లోపములు. మొదటిది, నివేదికలో ‘ఫలితమును బట్టి త్రోవ మార్చుట’ ఇంకను పండలేదు. ఒక సంఖ్య గుర్తును బట్టి రెండు సంఖ్యలలో ఒకదానిని ఎంచు పని మాత్రము కలదు. త్రోవ మార్చవలెనన్నచో, ఎంచిన సంఖ్యను తీసికొనిపోయి వేరొక ఆదేశపు చిరునామాలో వ్రాసి, ఆ ఆదేశమును నెరవేర్పవలెను. కార్యక్రమము తన్ను తాను దిద్దుకొనుచు నడచును. ఇది చమత్కారమే కాని క్లిష్టము. ఏడాది తరువాత 1946 జూన్‌లో ఆర్థర్ బర్క్స్, గోల్డ్‌స్టైన్, వాన్ న్యూమన్ ముగ్గురును కలిసి వ్రాసిన ప్రిన్స్‌టన్ నివేదికలో, అక్యుమ్యులేటరు గుర్తును చూచి త్రోవ మార్చు ఆదేశము సూటిగా వచ్చినది. ఆదేశ సూచికయు, ఆదేశమును పట్టి ఉంచు స్థానమును విడివిడిగా వర్ణితమైనవి. బోధనకు ఆ రెండవ నివేదికయే మేలు. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ మన దేశమున నిర్మించిన, 1962లో నెహ్రూగారు ‘టిఫ్రాక్’ అని పేరు పెట్టిన కంప్యూటరును ఈ మార్గములోనిదే. దాని పదమునకు 40 బిట్లు, మెమరీలో 2,048 పదములు.

రెండవ లోపము పేర్లది. ఎకర్ట్, మాక్లీల పేర్లు నివేదికపై లేవు. ఆదేశములను లోపల నిలువజేయు ఆలోచన వాన్ న్యూమన్ రాకకు పూర్వమే మూర్ పాఠశాలలో నడచుచున్నదని వారు జీవితాంతము చెప్పుకొనిరి. దేనినైనను గణింపగల సార్వత్రిక యంత్రమును ట్యూరింగ్ 1936లోనే కాగితముపై చూపెను. ప్రతులను పంచినది గోల్డ్‌స్టైన్; వాన్ న్యూమన్ దీనిని ముద్రణకై పంపలేదు. ఐనను ఆ పంపకము ప్రచురణతో సమానమైనందున ఆ భావములపై పేటెంటు పొందు అవకాశము నిర్మాతలకు పోయినది. లోకమునకు మేలే జరిగినది. ఎవరైనను ఈ మార్గమున యంత్రము కట్టుకొనవచ్చును. కాని మేలు జరిగినదని అన్యాయము న్యాయము కాదు. ‘వాన్ న్యూమన్ నిర్మాణము’ అని పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు ఆ రెండు పేర్లను గూడ నల్లబల్లపై వ్రాయుట ధర్మము.

మూడవది మెదడు ఉపమానము. నివేదికలోని ఊహామాత్రపు మూలకములు 1943లో మెక్‌కలక్, పిట్స్ అనువారు నాడీకణములకై వ్రాసిన గణితమునుండి వచ్చినవి. యంత్ర భాగములను ‘అవయవములు’ అనియు, నిలువ స్థానమును ‘స్మృతి’ అనియు వ్యవహరించుట వాడుకలో స్థిరపడినది. ఐతే వాన్ న్యూమన్ కేవలము ప్రాసెసరును మెదడు అనలేదు. లెక్క, నియంత్రణ, స్మృతి మూడింటిని కలిపి నడిమి నాడీకణములతోను, లోనికి తీసికొను భాగమును జ్ఞాననాడులతోను, వెలికి పంపు భాగమును చలననాడులతోను పోల్చెను. మరణానంతరము 1958లో వెలువడిన ‘కంప్యూటరు – మెదడు’ అను చిన్న పుస్తకమున పోలికలతోపాటు భేదములను గూడ ఆయనయే విప్పి చెప్పెను: నాడీకణము నెమ్మదియైనది, కాని అసంఖ్యాకములైన కణములు ఒకేసారి పనిచేయును, యంత్రము వేగమైనది, కాని ఒక్కొక్క పనియే చేయును. గురువు జాగ్రత్తతో చెప్పిన ఉపమానమును శిష్యులు జాగ్రత్త విడిచి ప్రచారము చేసిరి. మన పాఠములలోని మొదటి వాక్యము ఆ ప్రచారములోనిదే.

నేటి ప్రాసెసరుకు ఈ పాఠము వర్తించునా?

వర్తించును, కాని ఒక సవరణతో. ఆదేశములు, అంకెలు రెండును ఒకే త్రోవలో ఒకటొకటిగా ప్రాసెసరునకును మెమరీకిని నడుమ నడువవలసియుండుట ఈ నిర్మాణపు ఇరుకుసందు. జాన్ బాకస్ 1977లో తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసమున దీనిని తీవ్రముగా విమర్శించెను. ఆ ఇరుకును తట్టుకొనుటకు నేటి ప్రాసెసరు తరచుగా కావలసినవానిని దగ్గరనున్న క్యాషి మెమరీలో ఉంచుకొనును. ఒక ఆదేశము నెరవేరుచుండగనే తరువాతిదానిని విప్పును. ఆ తరువాతిదానిని తెచ్చును. వరి నాట్లలో ఒకరు నారు తీయుచుండగా, ఒకరు మోయుచుండగా, వేరొకరు నాటుచుందురు కదా, ఇదియు అట్టిదే. త్రోవ ఎటు మారునో తేలకముందే ఒక వైపును ఊహించి పనిచేసి, ఊహ తప్పినచో ఫలితములను పారవేయును. అట్లు పారవేసిన పని జాడలనుండి రహస్యములను రాబట్టవచ్చునని 2018 జనవరిలో వెల్లడియైన ‘స్పెక్టర్’ చూపినది.

ఇన్ని మార్పులలోను నిలిచినది ఒకటే: కార్యక్రమము వ్రాసినవానికి ప్రాసెసరు ఇచ్చిన మాట. లోపల ఏ క్రమములో చేసినను, చివరకు ఫలితము ఆదేశములను ఒక్కొక్కటిగా వరుసలో తెచ్చి, విప్పి, నెరవేర్చినట్లే యుండవలెను. కనుక ఆ మూడు మాటలు నేటి ప్రాసెసరు లోపలి దినచర్య కాకపోయినను, దాని ఒడంబడిక. విద్యార్థికి ఈ భేదము చెప్పినచో పాత పాఠము అబద్ధము కాదు, కొత్త యంత్రము వింత కాదు.

ముగింపు

తొలి ముసాయిదా గొప్ప రచన. పాఠ్యపుస్తకము మాత్రము కాదు. దానినుండి మనము తీసికొనవలసినది విభజన, సామగ్రికి కట్టుబడని తర్కము, అంకెకును ఆదేశమునకును గల చుట్టరికము. తీసికొనకూడనిది జాగ్రత్త విడిచిన మెదడు ఉపమానము.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠమునకు కంప్యూటరు గది అక్కరలేదు. నల్లబల్లపై 32 వరుసలు గీయుడు. ఒక విద్యార్థిని ఆదేశ సూచికగా, ఒకరిని ప్రస్తుతాదేశ స్థానముగా, ఒకరిని అక్యుమ్యులేటరుగా నిలువబెట్టుడు. పైన చెప్పిన ఆరు ఆదేశములను నడిపింపుడు. ఏడును ఐదును కూడి పన్నెండు వచ్చినపుడు పిల్లలు సంతసింతురు. అటుపై చెప్పకుండ ఆరవ వరుసను తుడిచివేసి మరల నడిపింపుడు. ఆటలో ఎవరును ఆపలేక, అదే కూడిక మూడవసారి మొదలైనపుడు తరగతిలో నవ్వు పుట్టును. ఆ నవ్వులో వారికి ప్రాసెసరు అర్థమైనదని తెలిసికొనుడు; ఆ తరువాత మూడు మాటలను కంఠస్థము చేయింపవలసిన అవసరము ఉండదు.